సర్వీసాటోకి సరిహద్దు పర్మిట్ ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీలో సర్వీసాటోల మీద, అంటే సీటు లెక్కన జనాన్ని ఎక్కించుకునే ఆటోల మీద ఒక వార్త వేశారు. వాటివల్ల ఆర్టీసీ ఆదాయానికి గండి పడుతోందని, మనుషుల్ని కుక్కి తీసుకెళ్ళి ప్రాణాల మీదకి తెస్తున్నారని, ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో గట్టిగా తనిఖీలు పెట్టి కేసులు రాయాలని. కుక్కడం నిజం. ఆర్టీసీకి గండి అన్నది సగం నిజం. కేసులు రాసేస్తే సరిపోద్దన్న మూడో మాట దగ్గరే నాకు పేచీ వచ్చింది, అందుకే ఈ ఉత్తరం, కాస్త పెద్దదే అవుద్ది, ఓపిక పట్టండి.

మాది పర్లాకిమిడి. ఆటో స్టాండుకి దగ్గర్లో చిన్న జిరాక్స్ షాపు ఉంది నాకు. జిరాక్స్ అన్నది పేరుకే, ఇప్పుడు బతుకంతా ఆన్‌లైన్ పనుల మీదే, పాన్ కార్డులు, కరెంటు బిల్లులు, కాలేజీ ఫారాలు, వాటితో పాటు ఆటోవాళ్ళ ఫిట్‌నెస్ స్లాట్లు, పర్మిట్ ఫీజులు, ఈ-చలానాలు. ఏ బండికి ఏం చలానా పడిందో ఒక్కోసారి ఓనరు కన్నా ముందు నాకే తెలిసిపోద్ది. నేనేం డ్రైవర్ల తరఫు లాయర్ని కాదు గానీ బండి కాగితాలూ చూస్తాను, బండెక్కే జనాన్నీ చూస్తాను, కాబట్టి నాలుగు ముక్కలు చెప్పొచ్చనిపించింది.

శ్రీకాకుళంలో ఉండి చూసేవాళ్ళకి మా సంగతి చెప్పాలంటే, మాకు రాష్ట్రం ఒకటి, బజారు ఇంకొకటి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి టౌను ఒడిశాకెళ్ళింది, పాతపట్నం ఆంధ్రా వైపే ఉండిపోయింది, మధ్యలో మహేంద్రతనయ ఏరు. ఏరు దాటితే జిల్లా మారుతుంది, ప్రభుత్వం మారుతుంది, చుట్టరికాలు మారవు కదా. గోసాని, కాశీనగర్ బ్లాకుల్లో తెలుగిళ్ళు ఎన్నో ఉన్నాయి, వాళ్ళ ఆడపిల్లల్ని ఇచ్చింది హిరమండలం, కొత్తూరు, మెళియాపుట్టి వైపే. మా రాజావారు కృష్ణచంద్ర గజపతి పేరు మీదున్న మెడికల్ కాలేజీ బరంపురంలో ఉంది, ఆ గౌరవం మాకూ ఉంది, కానీ రాత్రిపూట గుండెల్లో నొప్పంటే మాలో చాలామంది పరిగెత్తేది శ్రీకాకుళం రిమ్స్‌కే, అక్కడ కాదంటే విశాఖ. అటు నించి ఇటు రాకపోకలూ తక్కువేం కాదు, పాతపట్నం పక్క పిల్లలు ఇక్కడి సెంచూరియన్ యూనివర్సిటీకి వస్తారు, కొండ మీంచి గుమ్మ వైపు సవర గిరిజనులు చింతపండు, కొండచీపుర్లు, జీడిపిక్కలు దింపితే కొనే షావుకార్లు రెండు పక్కలా ఉన్నారు.

ఇంత రాకపోకలకి సర్కారు ఇచ్చిన బండ్లేంటి? మొదట రైలు. 1900లోనే అప్పటి మా రాజావారు గౌరచంద్ర గజపతి నౌపడ నించి పర్లాకిమిడికి చిన్న గేజి రైలు వేయించారు, తరవాత అది గుణుపూర్ దాకా వెళ్ళింది. ఆ చిన్న రైలుని బ్రాడ్‌గేజి చెయ్యడానికని 2004లో ఆపేశారు, మళ్ళీ పెద్ద రైలు పర్లాకిమిడి వచ్చేసరికి 2010, గుణుపూర్ వెళ్ళేసరికి 2011. మధ్యలో ఆరేడేళ్ళు ఈ లైను మీద రైలే లేదు. జనం ఇళ్ళలో కూర్చోలేదు కదండీ. జీపులు, ట్రెక్కర్లు, ఆ తరవాత ఆటోలు, మేజిక్కులు, అన్నీ ఆ ఖాళీలో పెరిగినవే. ఇప్పుడు మన రోడ్ల మీద ఎక్కడ చూసినా ఇవేనని విసుక్కునేవాళ్ళు ఆ ఆరేడేళ్ళు ఎవరు మోశారో కూడా గుర్తు చేసుకోవాలి. రైలు తిరిగొచ్చింది, సంతోషం, గుణుపూర్-విశాఖ పాసింజర్ మా పేదోళ్ళకి పెద్ద దిక్కు. కానీ రైలు స్టేషన్‌కే వస్తుంది, ఊళ్ళోకి రాదు. టెంబూరు లాంటి స్టేషన్లో దిగినోళ్ళు ఆ చుట్టుపక్కల పల్లెలకి ఎలా వెళ్తారో టైంటేబుల్లో ఎక్కడా రాసి ఉండదు.

తరవాత బస్సులు. ఆంధ్రా ఆర్టీసీ మంచిదే, పాతపట్నం కాంప్లెక్స్ (బస్టాండు) నించి టెక్కలికో శ్రీకాకుళానికో బస్సు దొరికితే నేనూ అదే ఎక్కుతాను. ఒడిశాలో 2023లో లక్ష్మి బస్సులని మొదలెట్టారు, పంచాయతీల నించి బ్లాకు కేంద్రానికి, అక్కడి నించి జిల్లా కేంద్రానికి. ఇప్పుడు ప్రభుత్వం మారాక ముఖ్యమంత్రి బస్ సేవ అంటున్నారు. పేరు ఏదైతేనేం, చాలా మంచి పని, అసలు బస్సు మొహం చూడని కొండ పంచాయతీలకి బస్సు వచ్చింది. కానీ అది బ్లాకు హెడ్‌క్వార్టర్స్ లెక్కన గీసిన రూటు, మనిషి అవసరం ఆ గీత మీదే ఉండాలని ఏముంది? కాశీనగర్ పక్క ఊరివాడికి దగ్గర బజారు వంశధార అవతల ఉన్న బత్తిలి అయితే, ఆ బస్సు అతన్ని వీపు తిప్పి పర్లాకిమిడి తీసుకొస్తుంది. బత్తిలి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా, అంటే మళ్ళీ వేరే రాష్ట్రం.

ఇలాంటి చోటల్లా సందు పూడ్చేది సర్వీసాటోయే. బస్సు ఆగిపోయిన దగ్గర మొదలవుతాది, బస్సు లేని టైములో ఉంటాది, నలుగురు కలిస్తే ఊరు చివర గుడి దాకా వస్తాది. పెద్ద పెద్ద దేశాల్లో దీన్ని పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్‌కి తోడుగా ఉండే సర్వీసని ప్లాన్ చేసి మరీ పెట్టుకుంటున్నారు, మనకి ఎవరూ ప్లాన్ చెయ్యకుండానే దొరికింది, దొరికినదాన్ని దొంగబండి అంటున్నాం.

స్టాండులో ఎలా నడుస్తుందో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. బండ్లకి సీరియల్ ఉంటాది, ముందొచ్చిన బండి ముందు నిండాలి, యూనియన్ కుర్రాడు చిన్న పుస్తకంలో నంబర్లు రాస్తాడు. డ్రైవరు పాతపట్నం పాతపట్నం అని అరుస్తాడు గానీ ఎక్కిన ప్రతి ఒక్కరూ పాతపట్నానికే వెళ్ళరు, ఒకరు వంతెన దగ్గర దిగుతారు, ఒకరు స్టేషన్ అంటారు, ఇంకొకరు కాంప్లెక్స్‌లో టెక్కలి బస్సు అందుకోవాలి బేగి పోనీ అంటారు. మొన్నామధ్య ఒక మామ్మ చింతపండు బుట్టతో వచ్చింది, బస్సులో కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడో దింపేశాడో తెలీదు గానీ ఆటో దగ్గరకే వచ్చింది. "బాబూ, ఎనక బుట్ట ఎట్టుకుంటావా, సీటు డబ్బులు ఒక్కరివే ఇస్తాను" అంది. "బుట్టకి డబ్బులొద్దులే మామ్మా, దాన్ని నీ కాళ్ళ దగ్గర పెట్టుకో, లేకపోతే ఎనకోళ్ళు తినేస్తారు" అన్నాడు డ్రైవరు. అక్కడితో బేరం అయిపోయింది. ఆ లోపల షాపులో సామాన్లు కొనాల్సిన ఇంకొకావిడ సంచి సీటు మీద పెట్టి, నా సీటు చూడు నాయినా ఇప్పుడే వస్తానని వెళ్ళింది, బండి ఆవిడ కోసం ఆగింది కూడా. ఏ బస్సు ఆగుద్ది చెప్పండి? ఆగకూడదు కూడా, బస్సులో వెనక యాభై మంది ఉంటారు. అందుకే రెండూ కావాలి అంటున్నాను.

అంతమాత్రాన ఆటోవాళ్ళు దేవుళ్ళని అనట్లేదు. డ్రైవరుకి అటొకడు ఇటొకడు కూర్చుంటే హ్యాండిల్ తిప్పడానికి చెయ్యి ఆడదు, అది నేను రోజూ చూస్తూనే ఉన్నాను. పండగొస్తే రేటు వాళ్ళ ఇష్టం, చీకటి పడ్డాక ఒంటరిగా ఉన్న మనిషిని చూసి స్పెషల్ అంటారు, స్పెషల్ అంటే బండి మొత్తం కిరాయి కట్టాలన్నమాట. కొత్తవాడు బండి కొనుక్కుని సీరియల్లోకి వస్తానంటే యూనియన్‌కి డబ్బులు కట్టమంటారు. ఇంక ఆ పాటల బాక్సులు, వాటి గురించి విడిగా ఇంకో ఉత్తరం రాయాలి. ఇవన్నీ ఉన్నాయి. కానీ వీటిలో ఒక్కటైనా కేసు రాస్తే పోయేది ఉందా? ఎన్నో కేసులు నా షాపులోనే డబ్బు కట్టించాను, మర్నాడు అదే బండి అదే లోడుతో వెళ్ళింది, పైగా నిన్నటి చలానా పూడ్చుకోవాలని ఇంకొకర్ని ఎక్కించుకుంటాడు.

అసలు తిరకాసు వంతెన దగ్గరుంది. ఒడిశా రిజిస్ట్రేషన్ ఉన్న ఆటో ఆంధ్రాలోకి వెళ్ళి కిరాయి కొట్టాలంటే మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 88 ప్రకారం ఒక రాష్ట్రం పర్మిట్ రెండో రాష్ట్రంలో చెల్లాలంటే అక్కడి రవాణా అథారిటీ కౌంటర్ సంతకం ఉండాలి. బస్సులకైతే రెండు రాష్ట్రాలు కూర్చుని ఒప్పందం రాసుకుంటాయి, ఏ రూటులో ఎన్ని ట్రిప్పులు అని. ఆటోకి ఎవరు కూర్చుంటారు? ఎవరూ కూర్చోరు. దాంతో అటు చెకింగ్ ఉందని ఫోను వస్తే మా బండ్లు ఏటికి ఇవతలే మనుషుల్ని దించేస్తాయి, ఇటు చెకింగ్ ఉంటే వాళ్ళవి అవతల దించేస్తాయి. దిగినోళ్ళు ఎండలో వంతెన మీద నడిచి, అవతల మళ్ళీ ఇంకో ఆటో ఎక్కాలి, మళ్ళీ డబ్బులు. కాలు విరిగిన మనిషి, నెలలు నిండిన పిల్ల అయినా అంతే. మా ఇంటి పక్కాయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్తూ ఇలాగే దింపేస్తే, ఆయన భార్య ఫోనులో నన్నే అడిగింది, ఏ బండికి కేసు రాయరో చెప్పన్నయ్యా అని. నేనేం చెప్తాను?

చట్టం ఏమంటుందో కాస్త చూద్దాం, ఎందుకంటే చాలామంది ఆటోలో సీటు లెక్కన డబ్బులు తీసుకోవడమే నేరం అనుకుంటారు. అలా కాదు. సెక్షన్ 2లో కాంట్రాక్ట్ క్యారేజీ అన్నదానికి అర్థం చెప్తూ, ఆరుగురికి మించని మోటార్ క్యాబ్ గానీ, ఆరు దాటి పన్నెండు మంది దాకా ఎక్కే మ్యాక్సీ క్యాబ్ గానీ, విడివిడిగా ఛార్జీ తీసుకున్నా కూడా కాంట్రాక్ట్ క్యారేజీ కిందకే వస్తాయని రాశారు. చిక్కు ఎక్కడంటే, ఒప్పందంలో లేని మనిషిని దారిలో ఎక్కించుకోకూడదు, దించకూడదు. దారిలో ఆగి ఎక్కించుకోవాలంటే స్టేజ్ క్యారేజీ పర్మిట్ కావాలి, స్టేజ్ క్యారేజీ అంటే డ్రైవరు కాకుండా ఆరుగురి కన్నా ఎక్కువ మంది కూర్చునేలా తయారైన బండి. అంటే మామూలు ఆటోవాడు కావాలన్నా ఆ పర్మిట్ తీసుకోలేడు, బండే సరిపోదు. పల్లె రోడ్డు మీద చెయ్యెత్తిన మనిషి కోసం ఆగడమే కదా వాడి పని, ఆ ఆగడమే నేరం. పర్మిట్ ఉల్లంఘనకి 2019 సవరణ తరవాత సెక్షన్ 192ఎలో 10,000 రూపాయలు జరిమానా రాశారు. ఎక్కువ మందిని ఎక్కిస్తే మాత్రం 194ఎ కింద మనిషికి 200. నాకిది తలకిందులుగా కనిపిస్తాది. ప్రాణం తీసేది ఓవర్ లోడు, దానికి రెండొందలు, దారిలో ముసలాయన్ని ఎక్కించుకుంటే పదివేలు.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా ఘోరం. పర్మిట్ లేకుండా తిరిగే బండి యాక్సిడెంట్ అయితే కంపెనీ బాధితులకి ముందు కట్టినా ఆ డబ్బు మళ్ళీ ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. ఫైనాన్స్‌లో బండి కొన్న కుర్రాడి దగ్గర లక్షలు ఎక్కడివి? మా డ్రైవర్లలో ఈ మాట తెలిసినవాళ్ళు తక్కువ, ప్రీమియం కట్టాం కదా అనుకుంటారు. పర్మిట్ కావాలని నేను అడిగేది ఆర్టీసీతో పోటీకి పంపడానికి కాదు, ఈ భయం తీరడానికి కూడా.

మరి దారి లేదా అంటే ఉంది, అదే 2019 సవరణలో ఉంది. సెక్షన్ 67కి కొత్తగా మూడో సబ్‌సెక్షన్ చేర్చి, రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి పర్మిట్లని మార్చొచ్చు, ప్రత్యేక స్కీములు పెట్టి లైసెన్సులు ఇవ్వొచ్చు అన్నారు, ఎందుకోసం అంటే చివరి మైలు రవాణా, గ్రామీణ రవాణా వగైరా కోసం అని పేర్లు పెట్టి మరీ రాశారు. ఇంకా సెక్షన్ 88ఎ అని ఒకటి పెట్టారు, అందులో రాష్ట్రాల మధ్య ప్రయాణికుల రవాణాకి కేంద్రం స్కీము చెయ్యొచ్చు, రెండు మూడు రాష్ట్రాలు కలిసి కూడా చేసుకోవచ్చు. సరిగ్గా మా వంతెన కోసమే రాసినట్టుంది. వచ్చి ఇన్నేళ్ళయింది, మా దగ్గర ఆ కాగితం కదిలినట్టు నాకైతే కనపడలేదు.

అడిగేది పెద్దదేం కాదు. సరిహద్దుకి రెండు పక్కలా కొన్ని కిలోమీటర్ల పట్టీ గీసి, ఆ పట్టీలో ఉన్న స్టేషన్లు, కాంప్లెక్స్, ఆసుపత్రులు, సంతలు కలిపే ఫీడర్ పర్మిట్ ఒకటి ఇవ్వమంటున్నాం. రెండు ఆర్టీఓ ఆఫీసులూ ఆ ఒక్క పర్మిట్‌ని ఒప్పుకోవాలి. దారిలో ఎక్కించుకోవచ్చు అని అందులో రాయాలి. దానికి బదులుగా సీట్ల లెక్క దాటితే పర్మిట్ సస్పెండ్ చెయ్యండి, ముందు సీట్లో డ్రైవరు పక్కన మనిషి కనిపిస్తే వదలొద్దు. ఛార్జీ బోర్డు తెలుగులో, ఒడియాలో రెండింటిలో స్టాండులో కట్టాలి, రాత్రి రేటు కూడా. ఇంకొక షరతు నా సొంతది, యూనియన్ వాళ్ళకి నచ్చకపోవచ్చు, రైలు వచ్చే టైముకి స్టేషన్ బయట కనీసం కొన్ని బండ్లు ఉండి తీరాలి, రైలు లేటైనా సరే. లాభం ఉన్న ట్రిప్పే వేస్తాం అంటే అది సర్వీసు ఎలా అవుతాది? బస్సు ఎక్కడిదాకా ఉందో అక్కడ బస్సుకి అడ్డం రాకుండా ఈ పర్మిట్ రూట్లు గీస్తే ఆర్టీసీకి నష్టం లేదు, పైగా పల్లె నించి కాంప్లెక్స్‌కి మనుషుల్ని తెచ్చి పడేసేది వీళ్ళే కదా. మీ వార్తలో గండి అన్నదాంట్లో సగం నిజం అన్నాను ఎందుకంటే, పాతపట్నం నించి టెక్కలి లాంటి మెయిన్ రోడ్డు మీద బస్సు ముందు ఆటో పరిగెత్తి జనాన్ని ఏరుకోవడం ఉంది, దాన్ని ఆపాల్సిందే. పక్కదారుల్లో మాత్రం వాళ్ళు బస్సుకి కాళ్ళు.

ఇదేదో కొత్త పిచ్చి అనుకోకండి. హాంకాంగ్‌లో 1960లలో ఇలాగే పర్మిట్ లేని వ్యాన్లు జనాన్ని ఎక్కించుకు తిరిగేవి, 1967 గొడవల్లో బస్సులు ఆగిపోతే ఊరిని నడిపింది అవే. 1969లో అక్కడి సర్కారు వాటికి లైసెన్సులిచ్చి, ఎర్ర రంగు వేయించి లెక్కలోకి తెచ్చింది, తరవాత ఫిక్స్‌డ్ రూటు, ఫిక్స్‌డ్ ఛార్జీతో ఆకుపచ్చ రంగు మినీబస్సులు కూడా పెట్టింది. రెండు రంగులూ ఈరోజుకీ తిరుగుతున్నాయి. చిన్న రైలు ఆగినప్పుడు మా ట్రెక్కర్లు చేసింది కూడా అదే పని, మనం రంగు వెయ్యడం మర్చిపోయాం అంతే.

అలాగని కంప్యూటర్లో యాప్ చేసేస్తే అయిపోద్ది అనుకోవడం కూడా పొరపాటే. ఫిన్లాండ్‌లో హెల్సింకీ ఊళ్ళో 2012లో కుత్సుప్లుస్ అని మొదలెట్టారు, ఫోనులో ఎక్కడెక్కడికి వెళ్ళాలో నొక్కితే కంప్యూటరే నలుగుర్ని కలిపి మినీబస్సు పంపేది. పదిహేను బండ్లు. జనానికి నచ్చింది, కానీ ఒక్కో మనిషికీ ప్రభుత్వం పెట్టాల్సిన ఖర్చు మోయలేక 2015 చివర్లో ఆపేశారు. డబ్బున్న దేశమే ఆపేసింది. మనకి యాప్ అక్కర్లేదు, స్టాండులో ఒక ఫోను నంబరు చాలు, ఊళ్ళోంచి ఆశా కార్యకర్తో దుకాణం ఆయనో ఫోన్ చేసి రేపు పొద్దున్న పాసింజర్‌కి ముగ్గురున్నారు అంటే సీరియల్లో మొదటి బండి వెళ్తాది. ఇప్పుడూ అలాగే జరుగుతోంది నిజానికి, డ్రైవర్ల సొంత నంబర్లకి చేస్తున్నారు, తెలిసినవాళ్ళకే అందుతుంది, తెలియనివాళ్ళకి అందదు.

భువనేశ్వర్‌లో 2018లో మో బస్సు అని సిటీ బస్సులు పెట్టి, తరవాత వాటికి ఫీడర్‌గా మో ఇ-రైడ్ అని ఈ-రిక్షాలు కూడా తిప్పారు, ఆడవాళ్ళే నడిపేవారు వాటిలో చాలా. రాజధానిలో బస్సు దిగినవాడికి చివరి మైలు కావాలి గానీ గజపతి జిల్లాలో రైలు దిగినవాడికి అక్కర్లేదా?

ఆడవాళ్ళ ప్రయాణం గురించి ఒక మాట చెప్పకపోతే అసంపూర్తిగా ఉంటాది. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నించి స్త్రీ శక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు. బాగుంది, మా చెల్లెళ్ళు అటు ఉన్నారు, సుఖపడుతున్నారు. ఆధార్ ఒడిశాది ఉన్న మా ఇళ్ళ ఆడవాళ్ళకి అది వర్తించదు, అది మేం అడగట్లేదు, మా ఓటు అటు లేదు. కానీ దాని దెబ్బ ఆటోల మీద పడింది, ఆ నష్టం చూసే అక్కడి ప్రభుత్వం ఆటో డ్రైవర్లకి 15,000 రూపాయలు ఇచ్చింది, మా పక్క డ్రైవరుకి దెబ్బ తగిలింది గానీ డబ్బు రాలేదు. ఒకే స్టాండులో ఒకే సీరియల్లో పక్కపక్కనే నిలబడే ఇద్దరి మధ్య ఈ తేడా వచ్చాక ఆంధ్రా బండి, ఒడిశా బండి అని గొడవలు మొదలయ్యాయి, ఇదివరకు ఇంత ఉండేది కాదు. కొటియా ఊళ్ళు ఏ రాష్ట్రానివన్న గొడవ పెద్దవాళ్ళది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, అది అలా ఉండనీయండి, ఆటో సీరియల్లో కూడా సరిహద్దు తెస్తే ఎలా?

ఇప్పుడు మీ పేపరుకి ఒక విన్నపం. తనిఖీల వార్త వేసినప్పుడల్లా ఎన్ని బండ్లు పట్టుకున్నారో వేస్తున్నారు, ఆ రోజు ఆ బండ్లలోంచి దిగిన జనం ఎలా ఇల్లు చేరారో ఎవరూ రాయట్లేదు. మీ రిపోర్టర్ని ఒక్కసారి విశాఖ పాసింజర్ వచ్చే టైముకి పర్లాకిమిడి స్టేషన్ బయట నిలబడమనండి, ఎవరు ఏ ఊరెళ్తున్నారో, ఎన్ని బండ్లు మారుతున్నారో అడిగి రాసుకోమనండి. తరవాత అదే కాగితం పట్టుకుని రెండు పక్కల ఆర్టీఓల దగ్గరకీ వెళ్ళి సెక్షన్ 88ఎ కింద ఏం చేశారని అడగమనండి. మేం అడిగితే అర్జీ ఇచ్చి వెళ్ళమంటారు, అర్జీ టైపు చేసేది నేనే కాబట్టి అది ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు.

ఉత్తరం పొడుగైంది. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే హెల్సింకీ ముక్క తీసేయండి, పాటల బాక్సుల మాట కూడా తీసేయొచ్చు, సెక్షన్ల నంబర్లు మాత్రం దయచేసి ఉంచండి, స్టాండులో నలుగురికి పనికొస్తాయి.

ఇట్లు,
మీ పేపరు పాత చందాదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా